అమెరికాలో యాక్సిడెంట్ కేసు జూరీ ముందుకు వెళ్తే: మొదటి రోజు నుంచి తీర్పు దాకా మీరు చేయాల్సినవి

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. ఎమర్జెన్సీ రూమ్‌లో నర్సు వచ్చి ఎలా ఉందని అడిగింది. ఆగి ఉన్న కారు నడిపినాయన మెడ తిప్పలేకపోతున్నా "పర్లేదు, ఫైన్" అన్నాడు. నర్సు అదే కంప్యూటర్‌లో రాసుకుంది. రెండేళ్ల తర్వాత కోర్టులో ఎదుటి పక్షం లాయర్ ఆ పేజీని పెద్ద తెర మీద చూపించి, "ఆ రోజు బాగానే ఉన్నానని మీరే చెప్పారు కదా?" అని అడిగాడు. పన్నెండు మంది జూరర్లూ, అంటే కేసు తేల్చడానికి ఎంపికైన మామూలు పౌరులు, తెర వైపు చూశారు.

నేను టెక్సస్‌లో గాయాల కేసులు చూసే ఒక లాయర్ దగ్గర పారాలీగల్‌గా, అంటే కేసు పనుల్లో సాయం చేసే ఉద్యోగిగా, పనిచేస్తున్నాను. తెలుగు క్లయింట్లు వస్తే వాళ్ల పక్కన కూర్చుని అన్నీ వివరించేది ఎక్కువగా నేనే. మనవాళ్ల కేసులు బలహీనపడటం చాలాసార్లు ఈ "పర్లేదు" దగ్గరే మొదలవుతుంది. కోర్టులో లాయర్ ఎంత బాగా మాట్లాడినా, మొదటి వారంలో కాగితం మీదికి ఎక్కని బాధను రెండేళ్ల తర్వాత జూరీ చేత నమ్మించడం చాలా కష్టం. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను. చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది కాబట్టి మీ కేసుకు మీ రాష్ట్రంలోని లాయర్ చెప్పిందే పాటించండి.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. మన దేశంలో 1959 నాటి నానావతి కేసు తర్వాత నేర విచారణల్లో జూరీలు క్రమంగా పోయాయి. యాక్సిడెంట్ కేసులు మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తాయి, అక్కడ జడ్జిగారే తేలుస్తారు. ఆదాయ నష్టం లెక్కకు వయసును బట్టి ఒక గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, ఉంటుంది. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో స్థిరపరిచిన పట్టిక ప్రకారం 30 ఏళ్లవారికి 17, 50 ఏళ్లవారికి 13. అమెరికాలో నొప్పికి, పోయిన నిద్రకు, ఎత్తుకోలేకపోతున్న బిడ్డకు అలాంటి పట్టిక లేదు. ముక్కూముఖం తెలియని ఆరుగురో పన్నెండు మందో మిమ్మల్ని చూసి, మీ కాగితాలు చూసి, ఎంత ఇవ్వాలో తేలుస్తారు. చాలా కేసులు జూరీ దాకా వెళ్లకుండానే సెటిల్ అవుతాయి. అయినా జూరీ ముందు నిలబడేలా తయారైన కేసుకే ఇన్సూరెన్స్ కంపెనీ మంచి మొత్తం ఇవ్వజూపుతుంది.

1. మొదటి వారం

డాక్టర్ దగ్గర మొహమాటం వద్దు. ఎక్కడెక్కడ నొప్పి ఉందో అన్నీ చెప్పండి, చిన్నదైనా సరే. "మెడనొప్పి" అని ఊరుకోకుండా "మెడ ఎడమ పక్క నుంచి మోచేయి దాకా తిమ్మిరి వస్తోంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది" అని చెప్పండి. ఈ విషయంలో మన భాష చాలా గొప్పది. సలుపు వేరు, పోటు వేరు, తీపులు వేరు, మంట వేరు, గుంజడం వేరు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అన్నీ కలిపి "పెయిన్" అనేస్తాం. డాక్టర్‌కు మాత్రం ఆ తేడాలోనే నరం దెబ్బతిందా, కండరం దెబ్బతిందా అన్న ఆధారం దొరుకుతుంది. అమ్మానాన్నలు గాయపడితే ఆస్పత్రిలో దుబాసీ కావాలని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు భాషా సాయం ఉచితంగా ఇవ్వాలి. కొడుకో కోడలో అనువదిస్తే, పెద్దవాళ్లు సిగ్గుపడి సగం విషయాలు దాచేస్తారు.

ఫొటోలు తీయండి: కార్లు, రోడ్డు, మీ ఒంటి మీద కమిలిన చోట్లు. కమిలిన మచ్చ వారం పది రోజుల్లో పోతుంది. ఫొటో లేకపోతే అది జూరీకి ఎప్పటికీ కనపడదు. పక్క షాపు కెమెరా రికార్డింగ్ మీద కొద్ది రోజుల్లోనే కొత్తది ఎక్కిపోవచ్చు. వెంటనే వెళ్లి భద్రపరచమని అడగండి.

ఎదుటి డ్రైవర్ ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే ఉద్యోగి) చాలా మర్యాదగా ఫోన్ చేసి, మీ మాట రికార్డు చేసుకుంటామంటాడు. వాళ్లకు రికార్డు ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. లాయర్‌తో మాట్లాడి చెప్తానని పెట్టేయండి. మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీ సంగతి వేరు, పాలసీ ప్రకారం వాళ్లకు సహకరించాలి.

గుద్దింది పెద్ద ట్రక్కు అయితే ఇంకా తొందరపడాలి. డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడో చెప్పే ఎలక్ట్రానిక్ లాగ్‌ను కంపెనీ 6 నెలలు ఉంచితే చట్ట ప్రకారం సరిపోతుంది. సరుకు ట్రక్కు డ్రైవర్ ఒక షిఫ్టులో 11 గంటలకు మించి నడపకూడదు. దాటాడని చూపించే కాగితం 7వ నెలలో మాయమైపోవచ్చు. అందుకే ఏదీ చెరపకుండా భద్రపరచమంటూ లాయర్ వెంటనే ఒక లేఖ పంపిస్తారు. ఆ తర్వాత కూడా పోగొడితే, ఆ సంగతి జూరీకే చెప్పే వీలు ఉంటుంది.

గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. మామూలు గాయాల కేసు వేయడానికి టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3 ఏళ్లు. గుద్దింది సిటీ బస్సో ప్రభుత్వ వాహనమో అయితే ముందస్తు నోటీసు ఇవ్వాలి, దాని గడువు చాలా తక్కువ. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో సాధారణంగా 90 రోజులు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 6 నెలలు, టెక్సస్‌లో కొన్ని నగరాల నిబంధనల్లో ఇంకా తక్కువ.

2. డైరీ, ఫేస్‌బుక్, ఇండియా ప్రయాణం

రోజూ రెండు మూడు లైన్లు రాయండి, తెలుగులోనే రాయండి. "ఈ రోజు పాపను కార్ సీట్లో కూర్చోబెట్టలేకపోయాను, పక్కింటావిడ వచ్చి కూర్చోబెట్టింది." ఇలాంటి ఒక్క లైను పది పేజీల మెడికల్ రిపోర్టు కంటే బాగా పనికొస్తుంది. బాగున్న రోజున బాగుందనే రాయండి. 365 రోజులూ పదికి పది నొప్పి అని రాసిన డైరీని ఎవరూ నమ్మరు. ఇంకో మాట. ఈ డైరీని ఎదుటి పక్షం అడిగి తీసుకునే అవకాశం ఉంది. ఎవరు చదివినా ఫరవాలేదనిపించేలా, నిజం మాత్రమే రాయండి.

సోషల్ మీడియాలో పోస్టులు ఆపేయండి. నడుం దెబ్బతిన్న ఒక ఆంటీ బతుకమ్మ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోలో ఆవిడ చేతులు చప్పట్లు కొడుతున్నట్టు ఉన్నాయి. మిగతా రెండు గంటలు కుర్చీలో కూర్చున్న ఫొటో ఎవరూ తీయలేదు. ఎదుటి పక్షానికి ఆ ఒక్క ఫొటో చాలు. ఇప్పటికే పెట్టినవి మాత్రం తీసేయకండి. కేసు నడుస్తుండగా చెరిపితే సాక్ష్యం నాశనం చేసినట్టు అవుతుంది, దానివల్ల నష్టం ఇంకా ఎక్కువ.

ఫిజికల్ థెరపీ మధ్యలో రెండు నెలలు ఇండియా వెళ్లిపోతే "అంత నొప్పి ఉంటే చికిత్స ఎందుకు ఆపారు?" అన్న ప్రశ్న తప్పదు. వెళ్లక తప్పకపోతే అక్కడ కూడా డాక్టర్‌కు చూపించుకుని ప్రిస్క్రిప్షన్, బిల్లు, స్కాన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాసిచ్చిన కాగితం కూడా ఇక్కడ పనికొస్తుంది.

3. లాయర్‌ను ఎంచుకోవడం, లాయర్‌కు నిజం చెప్పడం

గాయాల కేసులకు ముందు ఫీజు కట్టక్కర్లేదు. వచ్చిన మొత్తంలో సాధారణంగా మూడో వంతు నుంచి 40 శాతం దాకా తీసుకుంటారు. ఖర్చులు అందులో కలిసి ఉండవు. ఖర్చులు తీశాక మిగిలినదాని మీద శాతమా, మొత్తం మీద శాతమా అని ముందే అడిగి కాగితం మీద చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది: "ఈ మధ్య ఎన్ని కేసులు జూరీ ముందు వాదించారు?" హైవే మీద పెద్ద బోర్డు ఉన్నంత మాత్రాన కోర్టు మెట్లు ఎక్కుతారని కాదు.

వీసా గురించి చాలామందికి టెన్షన్. హెచ్1బీ అయినా, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లయినా, గాయానికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. కాలిఫోర్నియాలోనైతే గాయాల కేసుల్లో ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌ను సాక్ష్యంగా తేకూడదని 2016లో చట్టమే చేశారు.

పాత జబ్బులు దాచకండి. పదేళ్ల కింద డిస్క్ నొప్పి వచ్చి మందులు వాడి ఉంటే మొదటి రోజే చెప్పేయండి. అంతకుముందే బలహీనంగా ఉన్న నడుము ఈ దెబ్బకు ఇంకా పాడైతే, ఆ పెరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలని చట్టం చెప్తుంది. మీ లాయర్‌కు ముందే తెలిస్తే అదే మీ కేసుకు బలం అవుతుంది. పాత జబ్బుతో కేసులు గెలవడం నేను చూశాను. దాచిపెట్టి అది బయటపడ్డాక గెలిచిన కేసు ఒక్కటీ చూడలేదు.

4. డిపోజిషన్

కేసు వేశాక రెండు పక్షాలూ కాగితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, రాతపూర్వక ప్రశ్నలకు జవాబులిస్తాయి. అది ఎక్కువగా మా పని. మీరు గట్టిగా తయారు కావాల్సింది డిపోజిషన్‌కు. ఒక ఆఫీసు గదిలో ప్రమాణం చేయించి, ఎదుటి పక్షం లాయర్ మిమ్మల్ని ప్రశ్నిస్తాడు. ఫెడరల్ కోర్టు కేసుల్లో ఇది 7 గంటల దాకా సాగవచ్చు. మీరన్న ప్రతి మాటా కోర్టు రిపోర్టర్ టైప్ చేస్తారు. ఎదుటి లాయర్ అక్కడ ఇంకో పని కూడా చేస్తాడు: జూరీ మీ మాట నమ్ముతుందా లేదా అని అంచనా వేస్తాడు. సెటిల్‌మెంట్ అంకె చాలావరకు ఆ గదిలోనే మారుతుంది.

మనవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేవి మూడు. ఒకటి, తల ఊపకండి. మన తల ఊపుడు అవునో కాదో ఇక్కడివాళ్లకు తెలియదు, కోర్టు రిపోర్టర్ దాన్ని రాయలేరు. రెండు, ప్రశ్న వింటూ మధ్యలో "యా, యా" అనకండి. వింటున్నానని చెప్పడానికి మనం అనే ఆ మాట, రికార్డులో "అవును" అని ఒప్పుకున్నట్టు పడుతుంది. మూడు, తెలియనిది ఊహించి చెప్పకండి. "ఎంత దూరంలో ఉంది?" అంటే మర్యాద కోసం ఏదో ఒక అంకె చెప్పేస్తాం. గుర్తులేకపోతే గుర్తులేదనండి. ప్రశ్న పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, అడిగినంతవరకే జవాబు చెప్పండి.

ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీ కావాలని లాయర్‌కు ముందే చెప్పండి, మొదటి నుంచి చివరి దాకా తెలుగులోనే మాట్లాడండి. సగం ఇంగ్లిష్, సగం తెలుగు అయితే రెండూ తప్పుగా ఎక్కుతాయి. కరీంనగర్ పెద్దావిడ మాట శ్రీకాకుళం దుబాసీకి ఒక్కోసారి పట్టుబడదు. నొప్పికి మీరు వాడే మాటలేంటో అంతకుముందే ఆ దుబాసీతో సరిచూడమని మీ లాయర్‌ను అడగండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు గాయపడితే, తిరిగి వెళ్లేలోపే వాళ్ల సాక్ష్యం వీడియోలో రికార్డు చేయించమని అడగండి. విచారణ నాటికి వాళ్లు మళ్లీ రాగలరన్న నమ్మకం లేదు.

ఎదుటి పక్షం ఎంచుకున్న డాక్టర్ దగ్గరికి కూడా మిమ్మల్ని పంపిస్తారు. ఆయన మీకు చికిత్స చేయడానికి రాలేదు, మీ మీద రిపోర్టు రాయడానికి వచ్చాడు. పార్కింగ్‌లో కారు దిగినప్పటి నుంచి మిమ్మల్ని గమనిస్తారనే అనుకోండి. నొప్పిని తగ్గించి చెప్పకండి, పెంచీ చెప్పకండి.

5. మీ లాయర్ కథను ఎలా కడతారు

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ వేడి కాఫీ కేసు. "కాఫీ ఒలికితే కోట్లు ఇచ్చారట" అని మనవాళ్లు కూడా నవ్వుకునే కేసే అది. న్యూ మెక్సికోలోని ఆల్బుకెర్కీలో 1992లో 79 ఏళ్ల స్టెల్లా లీబెక్ ఆగి ఉన్న కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్‌లో కొన్న కాఫీ కప్పు మూత తీస్తుంటే కాఫీ ఒళ్లో ఒలికింది. చర్మం లోతుగా కాలిపోయింది. ఆస్పత్రిలో 8 రోజులు ఉంచి, వేరేచోటి నుంచి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. ఆవిడ మొదట అడిగింది 20,000 డాలర్లు. మెక్‌డొనాల్డ్స్ ఇస్తానన్నది 800. 1994లో కేసు జూరీ ముందుకు వచ్చింది. ఆవిడ లాయర్లు కన్నీళ్ల మీద ఆధారపడలేదు. కాఫీని 180 నుంచి 190 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంచమన్న కంపెనీ సొంత నిబంధన చూపించారు. అంతకుముందు పదేళ్లలో కాలిన గాయాల గురించి కంపెనీకి 700కు పైగా ఫిర్యాదులు వచ్చాయని చూపించారు. గాయాల ఫొటోలు చూపించారు. జూరీ 2 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించి, ఆవిడ తప్పు కూడా 20 శాతం ఉందని 1,60,000కు తగ్గించింది. శిక్షగా ఇంకో 27 లక్షల డాలర్లు వేసింది, అది సుమారు రెండు రోజుల కాఫీ అమ్మకాలతో సమానం. జడ్జి దాన్ని 4,80,000కు తగ్గించారు. చివరికి ఇద్దరూ బయటే రాజీపడ్డారు.

ఎదుటివాళ్లకు ప్రమాదం ఉందని ముందే తెలుసు, తెలిసీ మార్చుకోలేదు. ఆ కేసుకు వెన్నెముక అదే. మీ కేసులో మీ లాయర్ వెతికేదీ అలాంటిదే: డ్రైవర్ ఫోన్ రికార్డు, బ్రేకుల మరమ్మతు వాయిదా వేసిన ట్రక్కు కంపెనీ ఈమెయిల్, కారులోని డేటా రికార్డర్ దాచుకున్న గుద్దే ముందు క్షణాల వేగం.

ఆ 20 శాతాన్ని మర్చిపోకండి. మీ తప్పు ఎంతో కూడా జూరీ తేలుస్తుంది. కాలిఫోర్నియాలో ఆ మేరకు తగ్గిస్తారు. టెక్సస్‌లో మీ తప్పు 50 శాతం దాటితే ఏమీ రాదు. నార్త్ కరోలినా, వర్జీనియా, మేరీల్యాండ్, అలబామాల్లో మామూలు నిర్లక్ష్యం కేసుల్లో మీ తప్పు కొంచెం ఉన్నా మొత్తం పోవచ్చు. అందుకే రోడ్డు మీద "సారీ, నాదే తప్పు" అని నోరు జారకండి.

సాక్షుల్లో డాక్టర్లు, ఎక్స్‌పర్టులు ఉంటారు, వాళ్ల సంగతి లాయర్ చూసుకుంటారు. మీరు వెతికి పెట్టాల్సింది యాక్సిడెంట్‌కు ముందూ తర్వాతా మిమ్మల్ని చూసిన మనుషుల్ని. ఆదివారం క్రికెట్ ఆడే టీం కెప్టెన్, గుడిలో వంటకు కలిసి వెళ్లే ఆవిడ, ఆఫీసులో పక్క సీటు మనిషి. డబ్బుతో సంబంధం లేనివాళ్ల మాట జూరీకి గట్టిగా నాటుకుంటుంది. "చాలా బాధపడుతున్నాడు పాపం" అని చెప్పేవాళ్లకంటే "ఇదివరకు పెద్ద గిన్నె ఒక్కతే ఎత్తేది, ఇప్పుడు గరిట తిప్పడానికి కూడా కూర్చుంటోంది" అని చెప్పేవాళ్లు కావాలి.

6. కోర్టులో

మొదట జూరర్ల ఎంపిక. కారణం చెప్పకుండా కొందరిని తప్పించే హక్కు రెండు పక్షాలకూ ఉంటుంది. ఫెడరల్ సివిల్ కేసుల్లో చెరో 3, టెక్సస్ డిస్ట్రిక్ట్ కోర్టులో చెరో 6. జాతిని బట్టి తప్పించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1986లో నేర విచారణల్లో, 1991లో సివిల్ కేసుల్లో చెప్పింది. మంచి లాయర్ ఇక్కడ తక్కువ మాట్లాడి ఎక్కువ వింటారు. "నొప్పికి డబ్బు ఇవ్వడం తప్పనిపించేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?" అని సూటిగా అడిగి, చెయ్యెత్తినవాళ్లకు థాంక్స్ చెప్తారు.

"అక్కడ మనలాంటివాళ్లు ఒక్కరూ లేరు, మన బాధ వాళ్లకేం అర్థమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. అర్థమవుతుంది. ముగ్గు అంటే ఏంటో వాళ్లకు తెలియదు. నలభై ఏళ్లుగా పొద్దున్నే వంగి గీసే గీతలు ఒక రోజున ఆగిపోయాయంటే మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. పాత ఫొటోలు ఉంటే లాయర్‌కు ఇవ్వండి.

బట్టలు శుభ్రంగా, సాదాగా ఉండాలి. ఎక్కువ నగలు వద్దు. ఫోన్ ఆపేయండి. కారిడార్‌లో జూరర్ ఎదురైతే నమస్కారం కూడా పెట్టకండి. వాళ్లు మొహం తిప్పుకుంటే బాధపడకండి, మాట్లాడకూడదని జడ్జి వాళ్లకు చెప్పి ఉంటారు. సాక్ష్యం చెప్పేటప్పుడు ఇన్సూరెన్స్ మాటగానీ సెటిల్‌మెంట్ మాటగానీ మీ నోట రాకూడదు. వస్తే ఒక్కోసారి విచారణ మొత్తం రద్దయి మళ్లీ మొదటికి వస్తుంది.

మీ లాయర్ అడిగినప్పుడు జూరర్ల వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పండి. ఏడుపు వస్తే రానివ్వండి, తెచ్చుకోకండి. ఎదుటి లాయర్ అడిగినదాంట్లో నిజమైనది వెంటనే ఒప్పుకోండి. మొదట్లో చెప్పినాయన అదే చేశాడు. "అవునండి, ఫైన్ అన్నాను. మా ఇంట్లో ఎవరడిగినా అలాగే అంటాం. మర్నాడు పొద్దున మంచం మీద నుంచి లేవడానికి మా ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది." లాయర్ ఆ పేజీని తెర మీద నుంచి తీసేశాడు.

చివరి వాదనలో లాయర్ అంకె అడుగుతారు. "మీరే ఆయన స్థానంలో ఉంటే ఎంత తీసుకుంటారు?" అని జూరీని అడగకూడదు, అది నిషేధం. అంకెకు ఆధారం కూడా ఉండాలి. ఒక ట్రక్ డ్రైవర్ మరణించిన కేసులో ఫైటర్ జెట్ ధర, ఖరీదైన పెయింటింగ్ ధర పోల్చి అడిగిన పద్ధతిని టెక్సస్ సుప్రీంకోర్టు 2023లో తప్పుపట్టి, మళ్లీ విచారణ జరపమంది. మీరు రాసిన డైరీ, మీ సాక్షులు చెప్పిన గిన్నె, గరిట ఇక్కడే అక్కరకొస్తాయి.

నేర విచారణలోలాగా అనుమానమే లేకుండా నిరూపించక్కర్లేదు. మీ వాదన నిజమయ్యే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువని జూరీకి అనిపిస్తే చాలు. పన్నెండు మంది జూరీలో టెక్సస్‌లో 10 మంది, కాలిఫోర్నియాలో 9 మంది ఒప్పుకుంటే సరిపోతుంది. ఫెడరల్ కోర్టులో సాధారణంగా అందరూ ఒప్పుకోవాలి.

7. డబ్బు చేతికి వచ్చే ముందు

తీర్పు ఎంతైనా, ఎదుటివాడి పాలసీ చిన్నదైతే వసూలు కష్టం. టెక్సస్‌లో ఒక మనిషి గాయాలకు కనీస బీమా 30,000 డాలర్లే, ఒక్క ఆపరేషన్‌కే అది చాలదు. ఇంకా యాక్సిడెంట్ జరగనివాళ్లు ఇది చదువుతుంటే, మీ సొంత పాలసీలో బీమా లేని డ్రైవర్లు, తక్కువ బీమా ఉన్న డ్రైవర్లు గుద్దినప్పుడు వర్తించే కవరేజీ ఎంత ఉందో ఈ రోజే చూసి పెంచుకోండి.

వచ్చిన మొత్తంలోంచి లాయర్ ఫీజు, కేసు ఖర్చులు, మీ చికిత్సకు కట్టి హెల్త్ ఇన్సూరెన్స్ వెనక్కి అడిగే డబ్బు పోతాయి. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లతో బేరమాడి తగ్గించమని లాయర్‌ను అడగండి, చాలాసార్లు తగ్గుతుంది. శరీరానికి తగిలిన గాయానికి వచ్చిన పరిహారం మీద మామూలుగా ఫెడరల్ పన్ను ఉండదు. శిక్షగా వేసిన మొత్తం మీద, వడ్డీ మీద ఉంటుంది. లెక్క కాగితం ఇచ్చినప్పుడు ప్రతి గీతా చదివి, అర్థం కానిది అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. అక్కడ కూడా "పర్లేదులెండి" అనకండి.